ఎవరి భాగానికీ రాని స్టూలు

అడ్డంగా ప్లైవుడ్ గోడ కట్టడానికి వచ్చిన వడ్రంగి షాపు నట్టనడుమ సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత వీధి గుమ్మం దగ్గర మొదలై, పొడవాటి కౌంటరు బల్లను రెండు ముక్కలు చేస్తూ, సరిగ్గా కౌంటర్ బాబాయి కూర్చున్న స్టూలు కిందుగా వెనక గోడదాకా పోయింది. వడ్రంగి నడుం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఈ స్టూలు ఎటు జరపమంటారు?"

పెద్ద ఓనరు సీలింగు ఫ్యాను వంక చూశాడు. ఆయన తమ్ముడు, అంటే చిన్న ఓనరు, సెల్‌ఫోను వంక చూశాడు. స్టూలు మీదున్న మనిషి ఇద్దరి వంకా చూశాడు. వడ్రంగి మళ్ళీ అడిగేలోపు బాబాయే లేచి, తన స్టూలు తానే ఎత్తుకుని, బయట మెట్ల పక్కన పెట్టుకున్నాడు. "ప్రస్తుతానికి" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

ఇలాంటి ప్రస్తుతాలు మహా మొండివి. ఒకసారి వచ్చి కూర్చుంటే ఓ పట్టాన లేవవు.

అది లారీల విడిభాగాల షాపు. బోర్డు మీద విడిభాగాలు అని రాసి ఉన్నా, వీధిలో ఆ మాట అన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. అందరికీ అవి పార్టులే. కౌంటర్ బాబాయికీ ఒక అసలు పేరు ఉంది గానీ, అది ఓట్ల రోజున తప్ప బయటికి రాదు. మీసం మొలవని వయసులో ఆ కౌంటరు వెనక చేరాడు, ఇప్పుడు ఉన్న మీసం తెల్లబడింది. అన్నదమ్ముల తండ్రి, ఆ షాపు పెట్టిన ముసలాయన, ఇతన్ని చేర్చుకున్న రోజున నేర్పిన పని ఒక్కటే. వచ్చినవాడు ఎంత గొప్పగా వర్ణించినా నమ్మకు, పాత పార్టు తీసి చూపించమను. అందుకే బాబాయి ఎవరొచ్చినా నమస్కారం కంటే ముందు "పాత పార్టు చూపించండి" అంటాడు. ఒకసారి తన పెళ్ళిచూపుల్లో ఎవరో "అబ్బాయికి ఎలాంటి పిల్ల కావాలో" అని అడిగితే కూడా నోటిదాకా వచ్చి ఆగిందట. ఇది ఆయన భార్య చెప్పే మాట. ఆవిడ కోపంలో చెప్పే మాటల్లో సగం తీసేయాలి, ఏ సగమో నాకూ తెలియదు.

పెద్ద ఓనరు బాబాయి కంటే రెండు మూడేళ్ళు పెద్ద, "ఒరేయ్" అంటాడు. చిన్న ఓనరు బాగా చిన్న, "అన్నా" అంటాడు. ముసలాయన పోయాక కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఫ్యాను దగ్గర మొదలైంది. అన్నకి ఒకటో నంబరు స్పీడు చాలు, ఎక్కువైతే మెడ పట్టేస్తుంది. తమ్ముడికి ఐదో నంబరు లేకపోతే ఊపిరాడదు. రెగ్యులేటరు అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి ఆడవాళ్ళ మాటలూ, ఎప్పటివో పాత మాటలూ అందులోకి వచ్చి చేరి, పంపకాల్లో తేలింది. తీరా చూస్తే గోడ ఫ్యాను ఎత్తుదాకా రాలేదు. ఫ్యాను ఇద్దరి నెత్తినా అలాగే తిరుగుతోంది, రెగ్యులేటరు మాత్రం అన్న వైపు పడింది. గొడవ దేనికోసమో అది మాత్రం తీరలేదు.

గోడ పూర్తయిన సాయంత్రం బాబాయి ధైర్యం చేసి పెద్ద ఓనరుని అడిగాడు. "అయ్యా, మరి నేను ఎటు?"

పెద్ద ఓనరు షట్టరు లాగుతున్నవాడు ఆగాడు. "ఏరా, నిన్ను పంచుకోవడానికి నువ్వేమన్నా సామానువా?" అన్నాడు. అనేసి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట పట్టుకుని బాబాయి ఇంటిదాకా నడిచాడు. ప్రేమతో అన్నాడా? వదిలించుకోవడానికి అన్నాడా? అటు తిప్పి చూస్తే కళ్ళు చెమర్చాయి, ఇటు తిప్పి చూస్తే భయమేసింది. తన వీధి మలుపు దాటి రెండిళ్ళు ముందుకు వెళ్ళిపోయి, వేరేవాళ్ళ గేటు తీయబోయాడు.

ఇంట్లో భార్య కుట్టుమిషను మీద ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది ఆవిడ. మంచం మీద ఒకవైపు చేతులు, ఒకవైపు కాలర్లు, కిటికీ దగ్గర జేబులు. బాబాయి చెప్పింది విని, "అంటే ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?" అంది.

"అదే తెలీడం లేదు."

"అడిగి రావొచ్చుగా?"

"అడిగాకే తెలీకుండా పోయింది."

అప్పుడే పై గదిలోంచి మరదలు దిగింది. భార్యకు సొంత చెల్లెలు, హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. రోజూ ఆ వేళకి టీ కోసం ఆన్సరు పేపర్ల కట్టతో సహా దిగుతుంది. బావ ముఖం చూసి విషయం అడిగింది. విషయం చెప్పలేక బాబాయి వేరేది అడిగాడు.

"అమ్మాయ్, ఈ పార్టు అనే మాట ఎక్కడిది?"

పాఠం చెప్పమని టీచర్ని అడగడమంటే ఎద్దు ఎదుట గడ్డిమోపు విప్పడమే. ఆమె ఎర్రపెన్ను చెవి వెనక దోపుకుంది. "లాటిన్‌ది బావా, చాలా పాతది. ఫ్రెంచివాళ్ళ నోటి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మొదటి అర్థం వాటా. ఉన్నదాన్ని పంచితే ఒక్కొక్కరికి వచ్చే ముక్క."

"వాటానా? సామాను కాదా?"

"మిషన్లలో వేసే సామాను తర్వాత వచ్చిన అర్థం. ముందు వాటాయే. ఆ కుటుంబం అంతా అంతే. పార్ట్‌నరంటే వాటాదారు. పార్టీషన్ అంటే పంపకం. పార్టీ అంటే ఒక వైపు వాళ్ళు."

"మేం కొనడానికొచ్చినవాణ్ణి పార్టీ అంటాం."

"బేరంలో వాడు అవతలి వైపేగా? అపార్ట్‌మెంటంటే వేరుచేసిన గదులు. డిపార్ట్ అంటే ఇప్పుడు వెళ్ళిపోవడం గానీ, ఒకప్పుడు దాని అర్థమూ విడదీయడమే. నాటకంలో వేషాన్ని కూడా పార్టంటారు, నాటకంలో ఎవరి వాటా మాటలు వాళ్ళవని."

బాబాయి టీ చల్లారిపోయింది. "వీటిలో కలపడం అనే అర్థం ఎక్కడా లేదా?"

ఆమె చెవి వెనక పెన్ను తీసి చేతిలో తిప్పింది. "పార్టిసిపేట్ అని ఒకటుంది. పాలుపంచుకోవడం. కానీ అందులోనూ పంచుకోవడమే కదా."

ఆయనకి నిజంగానే బాధేసింది. విరిగి ఆగిపోయిన బండిని మళ్ళీ ఒక్కటిగా చేసేదే పార్టు అని ఆయన నమ్మకం. దాని పుట్టుకే పంపకాల ఇంట్లో అంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళకి అత్తగారి ఊరు తప్పు చెప్పారని తెలిసినట్టయింది. "నేనింతకాలం కలిపే సామాను అమ్ముతున్నాననుకున్నాను" అన్నాడు.

"నేను గుడ్డ కోస్తేనే చొక్కా అయ్యేది" అంది భార్య మిషను ఆపకుండా. "కోసి వదిలేస్తేనే తప్పు. ఆ జేబులు ఇటివ్వండి." ఆయన కాలర్లు అందించాడు.

మర్నాటి నుంచి మెట్ల పక్కన స్టూలు మీదే కొలువు. పార్టీలు వస్తే పాత పార్టు చూసి, ఇది ఎడమ వైపు, అది కుడి వైపు అని చెప్పి పంపేవాడు. పొద్దున పెద్ద ఓనరు లోపల్నుంచి టీ పంపేవాడు. కాసేపటికి చిన్న ఓనరూ పంపేవాడు. లోపలికి రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు. రెండు టీలు తాగిన మనిషికి ఉద్యోగం ఉన్నట్టా? ఒక్కరి దగ్గరైనా ఉంటే ఒక్క టీయేగా రావాలి? ఎదురు టైర్ల షాపువాడు "గోడ మీద పిల్లి" అని పేరు పెట్టాడు. అది అన్యాయం. పిల్లికి ఎటు దూకాలో తెలుసు, సమయం కోసం చూస్తుందంతే. ఈయనకి గోడ ఎక్కడమే తెలియదు. అడకత్తెరలో పోకచెక్క అంటే సరిపోయేది.

ఇలా ఉండగా ఒకరోజు లారీ మేస్త్రీ ఊడిపడ్డాడు. ఆయన గొంతు హారన్ అక్కర్లేని గొంతు. చేతిలో గోనెగుడ్డ, అందులో పళ్ళూడిన పాత జత. లారీ వెనక ఇరుసులో రెండు పళ్ళ చక్రాలు ఉంటాయి. వెడల్పాటి పళ్ళెంలాంటిది క్రౌను, దానిలో పళ్ళు కలిపి తిరిగే పొట్టిది పినియన్. ఫ్యాక్టరీలో ఆ రెంటినీ ఒకదాంతో ఒకటి అరగదీసి, రెంటి మీదా ఒకే నంబరు కొడతారు. ఒక నంబరు క్రౌనుకి ఇంకో నంబరు పినియన్ వేస్తే బండి కదులుతుంది గానీ వీధంతా వినబడేలా కూత పెడుతుంది. కొన్నాళ్ళకి రెండూ అరిగి చస్తాయి.

మేస్త్రీ పెద్ద ఓనరు దగ్గరికి వెళ్ళాడు. క్రౌను ఉంది, అదే నంబరు పినియన్ లేదు. ఇంకో నంబరు తీశారు, దానికీ లేదు. దేనికీ లేదు. మేస్త్రీ చిన్న ఓనరు వైపు వెళ్ళాడు. అక్కడా అదే కథ. క్రౌనులున్నాయి, పినియన్లున్నాయి, ఒక్కటంటే ఒక్క జత లేదు. మేస్త్రీ మెట్లు దిగి వీధి మధ్యలో నిలబడి నవ్వాడు. "పంచుకుంటే పంచుకున్నారు గానీ, మొగుళ్ళని ఒకడూ పెళ్ళాల్ని ఒకడూ కలగాపులగంగా పంచుకున్నారేంటయ్యా?"

రెండు గుమ్మాల్లోంచి రెండు తలలు బయటికొచ్చాయి. గోడ కట్టాక ఆ రెండు తలలూ ఒక్క క్షణంలో బయటికి రావడం అదే మొదలు. రెండూ స్టూలు వైపు తిరిగాయి.

"ఒరేయ్, క్రౌను పినియన్లు పంచిందెవరు?" అన్నాడు పెద్ద ఓనరు.

"నేనేనండి" అన్నాడు బాబాయి.

అసలు జరిగింది ఇది. ముసలాయన కాలం నుంచీ అట్టపెట్టెలు చెమ్మకి కుళ్ళిపోతాయని సరుకు రాగానే పెట్టెలోంచి తీసి, నూనె రాసి, కాగితం చుట్టి పెట్టడం ఆ షాపు పద్ధతి. బరువైన క్రౌనులు కింద అరలో, పినియన్లు పై అరలో, రెండూ ఒకే వరుసలో. పంపకాల రోజున అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూడలేక, నీకొకటి నాకొకటి అని పంచేయమని బాబాయికే అప్పజెప్పి బయట నిలబడ్డారు. ఆయన కింద అర చివరినుంచి మొదలుపెట్టాడు. ఒకటి అన్నకి, ఒకటి తమ్ముడికి. క్రౌనులు బేసి సంఖ్యలో ఉన్నాయి, ఆఖరుది అన్నకే వెళ్ళింది. బాబాయి పై అర దగ్గరికొచ్చి ఆగి ఆలోచించాడు. ఇందాక ఆఖరుది పెద్దాయన తీసుకున్నాడు కాబట్టి, న్యాయంగా ఇప్పుడు వంతు చిన్నాయనది. అలా మొదటి పినియన్ తమ్ముడికి ఇచ్చి, అదే వరుసలో పోయాడు. దాంతో ఏ క్రౌను అన్నకి వెళ్ళిందో దాని పినియన్ తమ్ముడికి, ఏది తమ్ముడికి వెళ్ళిందో దానిది అన్నకి. ఇంత న్యాయంగా పంచితే ఏ కాపురమైనా కూలుతుంది.

"నంబర్లు చూడలేదా అన్నా?" అన్నాడు చిన్న ఓనరు.

"ఆ రోజు నాకు నంబర్లు కనబడలేదు."

"కావాలనే చేశావా?" అన్నాడు పెద్ద ఓనరు.

బాబాయి నోరు తెరిచాడు. లేదు అనబోయాడు. కాగితాల మీద సుద్దతో నంబర్లు రాసింది తన చెయ్యే. కళ్ళు మూసుకున్నా చెప్పగలిగిన నంబర్లు ఆ రోజు ఎందుకు కనబడలేదు? ఆ రోజు కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజం. కానీ అందుకేనా, ఇంకేదన్నానా? లోపల్లోపల ఎక్కడో, ఈ పంపకం నిలవకూడదని తనకి తెలియకుండా తనే అనుకున్నాడా?

"తెలీదండి" అన్నాడు.

"చేశానన్నా ఒక దారి, చేయలేదన్నా ఒక దారి. తెలీదంటే ఏంట్రా?"

"నిజంగానే తెలీదండి."

మేస్త్రీ మాత్రం బాబాయి భుజం మీద నూనె చేత్తో ఒకటేశాడు. "నోట్లో నాలుక లేనివాడనుకున్నాం గానీ మహా గడుసువాడివి బాబాయ్! ఇద్దర్నీ ఒకే తాడుకి కట్టేశావ్." వీధంతా సాయంత్రానికి అదే మాట. బాబాయికి అది ఇంకా తికమక. మెచ్చుకోలు వచ్చింది, చేసిందెవరో తెలియదు.

ఆ మధ్యాహ్నమే జతలు కలపడానికి షాపు ముందు టార్పాలిన్ పరిచారు. అన్న గడప తమ్ముడు తొక్కడు, తమ్ముడి గడప అన్న తొక్కడు. అందుకని క్రౌనులూ పినియన్లూ అన్నీ బయటికే మోసుకొచ్చారు. ఎడమ పక్క అన్న కుప్ప, కుడి పక్క తమ్ముడి కుప్ప, మధ్యలో స్టూలు. బాబాయి ఒక క్రౌను ఎత్తి నంబరు చదివేవాడు. మొదట్లో ఇద్దరూ ఆయనకే చెప్పేవారు, "నా దగ్గర ఉందని చెప్పు", "పంపమని చెప్పు" అని. ముక్కు ఎదుట కూర్చున్న మనిషికి మధ్యలో ఇంకొకడు చెప్పడం ఎంతసేపు సాగుతుంది? నాలుగు జతలయ్యేసరికి మాటలు ఆయన తల మీదుగానే పోవడం మొదలెట్టాయి. "ఏడుతో మొదలయ్యేది, నీ మోకాలి దగ్గర చూడు." "ఇది కాదు, ఆ వెనకది."

బాబాయికి సంతోషంగా ఉండాలి. కొంత ఉంది కూడా. కానీ జత కుదిరిన ప్రతిసారీ తనకున్న పని ఒక జత తగ్గుతోందని ఆయనకి అర్థమైంది. కుప్పలు కరిగిపోతే అన్న తన జతలు తీసుకుని లోపలికెళ్తాడు, తమ్ముడు తన జతలు తీసుకుని లోపలికెళ్తాడు, టార్పాలిన్ మడతపెట్టేస్తారు. బాబాయి నంబర్లు నెమ్మదిగా చదవడం మొదలెట్టాడు. మంచి వెలుతురులో కూడా ఆరుని తొమ్మిదా అని ఒకటికి రెండుసార్లు చూశాడు.

ఎంత నెమ్మదిగా చదివినా చివర వస్తుంది. జతలు నీకొకటి నాకొకటిగా వెళ్ళిపోయాయి. బేసి కాబట్టి ఒక్క జత మిగిలింది.

"వాణ్ణే తీసుకోమను" అన్నాడు పెద్ద ఓనరు.

"వద్దు, ఆయన్నే ఉంచుకోమను" అన్నాడు చిన్న ఓనరు.

ఆ జత బాబాయి ఒళ్ళో ఉంది. బరువుకి తొడలు నొప్పెడుతున్నాయి. ఇంతకాలం ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి ఒక్కసారి లేచాడు, పినియన్ దొర్లి కింద పడింది.

"నన్ను సామాను కాదన్నారు. సరే. సామానుకైనా ఒక చోటుంది, క్రౌనుకి కింద అర, పినియన్‌కి పై అర. నాకు ఏ అర? రోజూ రెండు టీలు పంపుతారు, ఒక్కరూ లోపలికి రమ్మనరు. నేను చేరినప్పుడు ఈ షాపుకి గోడ లేదు. నన్ను పొమ్మనాలంటే ఇద్దరూ కలిసి పొమ్మనండి. ఉండమనాలంటే ఇద్దరూ కలిసి ఉండమనండి. ఒక్కరు చెబితే నాకు అర్థం కావడం లేదు."

ఎదురు టైర్ల షాపువాడు కూడా పని ఆపాడు.

పెద్ద ఓనరు నేల చూస్తూ అన్నాడు. "నిన్ను నా వైపు అడిగితే వాడు చిన్నబుచ్చుకుంటాడని అడగలేదురా. చిన్నప్పుడు వాడు నీ భుజం మీదే తిరిగాడు."

"నేనూ అందుకే అడగలేదన్నా" అన్నాడు చిన్న ఓనరు. "అన్నయ్యకి ఉన్న ఒక్క స్నేహితుడివి నువ్వు. నిన్ను కూడా లాక్కున్నానంటాడని."

ఒకరి కోసం ఒకరు వదులుకుంటే మధ్యలో తను వీధిలో పడ్డాడన్నమాట. దీనికి సంతోషించాలో కోపం తెచ్చుకోవాలో బాబాయికి తెలియలేదు. ముందు కళ్ళు తుడుచుకుని, తర్వాత పినియన్ తుడిచాడు.

"గోడ ఉంటుంది" అన్నాడు పెద్ద ఓనరు, ఎవరి వైపూ చూడకుండా.

"ఉండనీ. నేను తీసేయమన్నానా?" అన్నాడు చిన్న ఓనరు. గోడ వంక చూసి, "స్టూలు పట్టేంత కోయిద్దాం" అన్నాడు.

వడ్రంగి వచ్చి, కట్టినవాడి చేతే కోయిస్తున్నారని గొణిగాడు. కొలత అడిగితే అన్నదమ్ములు బాబాయిని నిలబెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, చేతులు చాపమని చూసుకున్నారు. రంపం పడేటప్పుడు ప్లైవుడ్ ఊగకుండా అటువైపు అన్న, ఇటువైపు తమ్ముడు పట్టుకున్నారు. "అన్నయ్యా, గట్టిగా పట్టుకో" అన్నాడు తమ్ముడు. పట్టుకుంటూనే ఉన్నాను అన్నట్టు అవతల్నుంచి ఒక దగ్గు వినబడింది. మిగిలిపోయిన జతని ఆ సందులో, స్టూలు పక్కన పెట్టారు. అది ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య కాలర్లు కుడుతోంది, మరదలు పేపర్లు దిద్దుతోంది. ఇద్దరూ తలెత్తారు.

"ఏమైంది? ఇంతకీ ఎవరి భాగానికి వచ్చారు?" అంది భార్య.

బాబాయి చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"అది మాత్రం ఇప్పటికీ తెలీదు" అన్నాడు. "స్టూలు లోపలుంది."